బకెట్టు చెప్పిన అబద్ధం: కాలువ పోటీతో సైన్స్ పాఠం చెప్పిన నా అనుభవం

సెప్టెంబరు 15న మా సైన్స్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక కాగితం ఫొటో పడింది. విజయవాడలో పర్యావరణం మీద పనిచేసే ఒక సంఘం హైస్కూళ్లకు పోటీ పెడుతోంది. ఐదుగురు పిల్లలు, ఒక గైడ్ టీచరు. బడి చుట్టుపక్కల ఉన్న ఒక సమస్యను పిల్లలే కొలవాలి, లాగ్‌బుక్ రాయాలి, నాలుగు పేజీల రిపోర్టు, ఒక పోస్టరు ఇవ్వాలి. ఫైనల్లో ఆరు నిమిషాలు మాట్లాడాలి. ఫీజు లేదు.

పద్నాలుగేళ్లుగా ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. పోటీలంటే నాకు పెద్ద ఆశ లేదు. థర్మాకోల్ కోసి, నీలం రంగు పూసి, అదే నది అనడం. రాత్రి 11 దాకా గ్లూ గన్‌తో వేళ్లు కాల్చుకోవడం. చివరికి ఏ పిల్లాడి నాన్నకు చేతిపని బాగా వస్తే వాడికి కప్పు. కానీ ఈ కాగితంలో ‘మీరే కొలిచిన లెక్కలు తప్పనిసరి’ అని ఒక ముక్క ఉంది. ఆ ముక్కే నన్ను లాగింది. పైగా 9వ తరగతికి నేను చెప్పాల్సిన పాఠం ‘మన చుట్టూ ఉన్న పదార్థం శుద్ధమేనా?’.

ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరి ఊరి మధ్యగా పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో ఒకటి మా బడి వెనక నుంచే పోతుంది. అది ఏ కాలువో చెబితే బడి తెలిసిపోతుంది కాబట్టి వదిలేస్తున్నాను. మా అత్తగారు చిన్నప్పుడు ఈ కాలువలో పడవలు చూశానంటారు. మా పిల్లలు చూసింది గుర్రపు డెక్క, పాల ప్యాకెట్లు, వినాయక చవితి తర్వాత తేలే కర్రలు.

దసరా సెలవులయ్యాక, అక్టోబరు 6న హెడ్‌మాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన అడిగిన మొదటి మాట, “సిలబస్ ఎవరు చేస్తారమ్మా?” రెండో మాట, “పిల్లలు కాలువలో పడితే?” మొదటిదానికి నా దగ్గర జవాబుంది. రెండోదానికి లేదు. మా ఊళ్లో ప్రతి టీచరుకీ ఆ భయం ఉంటుంది. చివరికి షరతులు పెట్టారు: ఎవరూ గట్టు దిగకూడదు, నీళ్లు వంతెన మీద నుంచే తోడాలి, ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తల్లిదండ్రుల సంతకాలు కావాలి. నాలుగు సంతకాలు మర్నాడే వచ్చాయి. ఐదోది లారీ మీద వెళ్లిన తండ్రిది. ఆయన వచ్చేదాకా ఆ అబ్బాయి వంతెన ఎక్కకుండా నోటుబుక్ పట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డాడు.

ఐదుగురిని మార్కులు చూసి ఎంచలేదు. ‘కాలువ గురించి మీకు తెలిసిన ఒక్క విషయం రాయండి’ అని క్లాసులో చీటీలు తీసుకున్నాను. పుస్తకంలో లేనిది రాసినవాళ్లను తీసుకున్నాను. ఒకమ్మాయి ‘తెల్లారుజామున వాసన ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది’ అని రాసింది. ఆ చీటీ విలువ నాకు అప్పుడు తెలియలేదు. చేతిరాత బాగుందని తనకు లాగ్‌బుక్ అప్పగించాను.

అక్టోబరు 12 ఆదివారం మొదటిసారి నీళ్లు తోడాం. మా దగ్గర ఉన్నవి 280 రూపాయల టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన పదార్థం ఎంతో చూపిస్తుందంటారు), ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ కాగితాలు, ఒక థర్మామీటరు. మూడు చోట్లు అనుకున్నాం: బ్యారేజీ వైపు ఒకటి, బడి వెనక వంతెన రెండు, అక్కణ్నుంచి కిలోమీటరు కిందికి గుర్రపు డెక్క పేరుకుపోయిన చోట మూడు. టీడీఎస్ వరసగా 310, 335, 360. ఒకడు ఊరికే ఉండలేక బడి బోరు నీళ్లలో కూడా ముంచాడు. 940!

సోమవారం క్లాసులో గొడవే గొడవ. “టీచర్, కాలువ నీళ్లే శుభ్రం. బోరు నీళ్లే మురికి.” నవ్వు వచ్చింది కానీ నవ్వితే పాఠం పోతుంది. ఆర్వో నీళ్లు రెండు గ్లాసుల్లో తెప్పించాను. ఒకదాంట్లో చెంచా పంచదార, ఇంకోదాంట్లో చిటికెడు ఉప్పు. పంచదార గ్లాసులో మీటరు కదల్లేదు, ఉప్పు గ్లాసులో వెయ్యి దాటేసింది. మీటరు నిజంగా చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో, అంటే కరిగిన అయాన్లను మాత్రమే, అని అప్పుడు చెప్పాను. తర్వాత కిటికీలు మూసి, కాలువ నీళ్ల గ్లాసుకు ఫోను టార్చి పట్టాం. కాంతి దారి తెల్లటి చారలా కనిపించింది. బోరు నీళ్లలో కనపడలేదు. నీళ్లలో తేలే సన్నటి కణాలు కాంతిని చెదరగొట్టడం వల్ల వచ్చే ఈ టిండాల్ ప్రభావం నేను ఏటా బోర్డు మీద గీసే బొమ్మ. ఈసారి వెనక బెంచీలవాళ్లు కూడా లేచి ముందుకొచ్చారు.

అయితే బోరు నీళ్లు తాగచ్చా అని అడిగారు. మన దేశపు తాగునీటి ప్రమాణంలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా ఒప్పుకుంటారు అని చెప్పాను. ఒకమ్మాయి వెంటనే, “మరి మా ఇంటికి ఆర్వో మిషను అమ్మినాయన ఈ మీటరే చూపించి భయపెట్టాడు కదా టీచర్” అంది. దానికి నేనేమీ అనలేదు.

మురుగు కుళ్లుతూ నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది, కాబట్టి మురుగు సంగతి తెలియాలంటే ఆ ఆక్సిజన్ చూడాలి. దాన్ని మందులు కలిపి కొలిచే వింక్లర్ పద్ధతి నేను డిగ్రీలో చేశాను, తర్వాత మళ్లీ ముట్టుకోలేదు. సామాన్ల కోసం గవర్నర్‌పేటలో రెండు షాపులు తిరిగాను. మాంగనీస్ సల్ఫేటు, సోడియం థయోసల్ఫేటు చవకే. పొటాషియం అయొడైడ్ ధర వినేసరికి గుండె జారింది. చిన్న సీసా, మిగతా అన్నీ కలిపినంత ఖరీదు. మీరెవరైనా చేయాలనుకుంటే ముందు దగ్గర్లోని డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ వాళ్లను అడగండి. నేను సీసా కొన్నాక అడిగాను. ఆ లెక్చరర్ గారు మూతులు నున్నగా అరగదీసిన గాజు సీసాలు ఆరు ఇచ్చి, “అయొడైడ్ నేనిచ్చేవాణ్ని కదమ్మా” అన్నారు. చుక్కలు కొలిచి వేసే గాజు గొట్టం, బ్యూరెట్, మా ల్యాబులో ఒకే ఒక్కటి ఉంది, దాని కాక్ బిగుసుకుపోయి తిరగలేదు. మందుల షాపులో ఐదు మిల్లీలీటర్ల సిరంజి కొని సూది తీసేశాను. దానితోనే చుక్కలు వేశాం. సల్ఫ్యూరిక్ యాసిడ్ మాత్రం పిల్లల చేతికి ఇవ్వలేదు, అది నేనే పోశాను.

లెక్క సులువుగా ఉండేలా చూసుకున్నాను. 200 మిల్లీలీటర్ల నీళ్లు, 0.025 నార్మల్ గాఢత ఉన్న థయోసల్ఫేటు తీసుకుంటే ఎన్ని మిల్లీలీటర్లు పడితే అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ లీటరుకు. గుణకారాలు లేవు. యాసిడ్ పోశాక వచ్చిన పసుపు రంగు లేత గడ్డి రంగుకు తగ్గాక గంజి వేస్తే నీలం, ఆ నీలం పోయిన చుక్క దగ్గర ఆగాలి.

అక్టోబరు 18న మూడు చోట్లా తోడాం. 7.1, 7.0, 6.9. పిల్లలు గంతులు వేశారు. నేనూ పొంగిపోయాను. అంకెలు అంత దగ్గరగా వచ్చాయంటే మా చేయి కుదిరినట్టే అనుకున్నాను. దీపావళి తర్వాత లెక్చరర్ గారికి చూపించాను. ఆయన ఒక్కటే అడిగారు, “నీళ్లు దేనితో తోడారు?”

తాడు కట్టిన బకెట్టుతో. వంతెన మీద నుంచి దబ్బున వేసి, చేదలా లాగి, సీసాలోకి గలగలా వంచాం. దారి పొడుగునా గాలి కలిపాం. మేం కొలిచింది కాలువను కాదు, బకెట్టును.

ఆ సాయంత్రం పిల్లలకు చెప్పడానికి మొహమాటం వేసింది. వాళ్లు నాకంటే తొందరగా తేరుకున్నారు. లారీ డ్రైవరు గారబ్బాయి రెండు రోజుల్లో ఒక సాధనం చేసుకొచ్చాడు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాకు అడుగున రాళ్లు కట్టాడు, లోపల గాజు సీసా నిలబెట్టాడు, మూతలో రెండు సెలైన్ గొట్టాలు దూర్చాడు. ఒకటి సీసా అడుగు దాకా పోతుంది, ఇంకోదాంట్లోంచి గాలి పైకి పోతుంది. నీళ్లు అడుగు నుంచి మెల్లగా నిండి, సీసా పొర్లి డబ్బాలోకి కారతాయి. గాలికి తగిలిన నీళ్లు బయటికి పోతాయి, సీసాలో మిగిలేది కాలువ. ఖర్చు సున్నా. లాగ్‌బుక్‌లో 18వ తేదీ పేజీ చింపేద్దామని ఒకరన్నారు. వద్దు, ఒక గీత కొట్టి పక్కన కారణం రాయండి అన్నాను.

అక్టోబరు 25న కొత్త డబ్బాతో తోడితే 6.6, 5.0, 2.4. మూడో చోట మందు కలపగానే రావాల్సిన ముదురు గోధుమ రంగు మడ్డి రాలేదు, వెలిసిపోయిన రంగు వచ్చింది. ఆక్సిజన్ ఎంత తక్కువైతే ఆ మడ్డి అంత తెల్లబడుతుంది. ఆ చోటంతా మొక్కలతో పచ్చగా ఉంది కాబట్టి అక్కడ ఆక్సిజన్ ఎక్కువ ఉంటుందని అంతకుముందు నలుగురు పందెం కాశారు. గుర్రపు డెక్క చాపలా పరుచుకుంటే కిందికి ఎండ పోదు, పైగాలి కలవదు, రాలిన ఆకులు కుళ్లుతాయి. పందెం ఓడినవాళ్లకు ఇది బాగా గుర్తుంటుంది. “మరి అక్కడ కొరమీను పడుతుంది కదా” అని ఒకడు వాదించాడు. మా బయాలజీ మేడమ్ వచ్చి కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదని చెప్పారు. అంటే ఆ చేప ఉందని నీళ్లు బాగున్నట్టు కాదు.

ఇక నా తప్పు. బకెట్టు తప్పు దీని ముందు లెక్కలోకి రాదు.

మొదటి వారంలోనే లాగ్‌బుక్ కోసం బోర్డు మీద ‘కారణాలు’ అని రాసి, మొదటి అంకె పక్కన ‘కాలువ కట్ట మీది ఇళ్లవారి నిర్లక్ష్యం’ అని రాశాను. కొలవకముందే రాశాను. చేతిరాత బాగున్న అమ్మాయి దాన్ని అందంగా ఎక్కించింది. మర్నాటి నుంచి టీముకి రావడం మానేసింది. “అమ్మకి పని ఉంది టీచర్” అనేది. పేర్లు మార్చుకోవడానికి గడువు 24 అని ఉంది. 23న ఆ అమ్మాయి పేరు తీసి ఇంకొకరి పేరు ఇచ్చేశాను. కొత్తగా వచ్చిన పిల్లే తర్వాత నా చెవిలో చెప్పింది, “వాళ్లిల్లు కట్ట మీదే టీచర్.”

అడ్మిషన్ రిజిస్టరులో ఆ అడ్రసు రాసింది నేనే.

ఈలోగా మొంథా తుఫాను వచ్చింది. బడికి సెలవులు. నవంబరు 1న చూస్తే కాలువ చిక్కటి టీ రంగులో ఉంది, ఆ రోజు అంకెలు దేనితోనూ పోల్చడానికి పనికిరాలేదు. ఆ సోమవారం ఆ అమ్మాయిని ల్యాబులో కూర్చోబెట్టి, బోర్డు మీద అలా రాయడం నా తప్పు అన్నాను. పిల్లలకు క్షమాపణ చెప్పడం మన అలవాటు కాదు, గొంతు పెగల్లేదు. తను కిందికి చూస్తూనే చెప్పింది. “మా గొట్టం కూడా అందులోకే టీచర్. మాకు డ్రైనేజీ లైను వేయలేదు. పైన అపార్ట్‌మెంట్ల పెద్ద డ్రెయిను కూడా అక్కడే కలుస్తుంది. అది ఎవరూ రాయలేదు.”

వంతెన మీద నుంచి లెక్కపెట్టాం. చిన్న గొట్టాలు 23, పెద్ద డ్రెయిను ఒకటి. 23 పెద్దదా, 1 పెద్దదా అని పిల్లలు వాదించుకున్నారు. వాళ్లింటి గొట్టం కింద తను లీటరు మగ్గు పెట్టి, వాళ్లమ్మ అంట్లు తోముతుండగా సెకన్లు లెక్కపెట్టింది. నిండడానికి 40 సెకన్లు, అదీ తోముతున్నంతసేపే. పెద్ద డ్రెయినులో పారేదాన్ని కొలవడం మా వల్ల కాలేదు. ‘కారణాలు’ కింద మొదటి వాక్యం కొట్టేసి, ‘ఏది ఎంత అనేది మేం కొలవలేకపోయాం’ అని తనే రాసింది. తను టీములోకి తిరిగి వచ్చింది, కానీ పోటీ కాగితాల్లో పేరు లేదు. నిర్వాహకులకు ఫోను చేశాను. మర్యాదగానే కుదరదన్నారు.

నవంబరులో పరీక్షలు. రెండు వారాలు డబ్బా మూలన పడింది. అప్పుడు పాత చీటీలు తిరగేస్తుంటే ‘తెల్లారుజామున వాసన’ కంటపడింది. రాత్రి మొక్కలు, నాచు ఆక్సిజన్ తయారు చేయవు, అన్నీ కలిసి వాడుకోవడమే. తెల్లారేసరికి అది అడుగంటాలి. మేం కొలిచినవన్నీ మధ్యాహ్నాలే!

నవంబరు 23 ఆదివారం ఆరుంబావుకి స్కూటీ మీద వంతెన దగ్గరికి వెళ్లేసరికి, పిల్లలు అప్పటికే మఫ్లర్లు చుట్టుకుని ఉన్నారు. బయాలజీ మేడమ్ ఫ్లాస్కులో టీ తెచ్చారు. మందులు అక్కడే, వంతెన పిట్టగోడ మీదే కలపాలి, ఆలస్యమైతే లెక్క మారిపోతుంది. రెండో చోట 3.2. మూడో చోట మడ్డి దాదాపు తెల్లగా వచ్చింది, 0.9. అదే రోజు నాలుగింటికి మళ్లీ తోడితే 5.1, 2.6. ఒకే నీళ్లు, ఒకే రోజు. చేపలకు కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. మధ్యాహ్నం మాత్రమే కొలిచి ఉంటే రెండో చోటు పాసైపోయేది. సిరంజి పట్టుకున్న పిల్ల కట్ట మీది అమ్మాయి వైపు తిరిగి, “నీ ముక్కే మీటరు” అంది.

29న రిపోర్టు ఇచ్చాం. తొమ్మిది రోజులకు, డిసెంబరు 8న ఫైనల్‌కి ఎంపికైనట్టు మెసేజ్ వచ్చింది. సంతోషంలో 400 పెట్టి ఫ్లెక్సీ పోస్టరు కొట్టించాను. రాత్రి నిబంధనలు మళ్లీ చదివితే ‘ఫ్లెక్సీ, థర్మాకోల్ వాడరాదు’ అని ఉంది. పర్యావరణం పోటీ కదా మరి, నాకా బుద్ధి ఉండక్కర్లేదా. పిల్లలు రెండు సాయంత్రాలు కూర్చుని ఖాకీ కాగితం మీద చేత్తో రాశారు.

13న ఫైనల్. ఉదయం తొమ్మిదింటికి రమ్మన్నారు, ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండున్నర. అప్పటిదాకా ఏమీ మొదలు కాలేదు. పిల్లలు తెచ్చుకున్న పులిహోర పదింటికే తినేశారు. కట్ట మీది అమ్మాయిని కూడా తీసుకెళ్లాను, ప్రేక్షకుల్లో కూర్చుంది. మా వంతు వచ్చేసరికి ఒకటిన్నర. మా లీడరు ఆరు నిమిషాల్లో నాలుగు బకెట్టు కథకే పెట్టేసింది. నాకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. ఒక జడ్జి గారు అడిగారు, “ఇంతకీ పరిష్కారం ఏమిటమ్మా?” మా లీడరు, “ముందు పెద్ద డ్రెయిను కొలవాలి సార్, అది మాకు రాలేదు” అంది. ఆయన ముఖం చూస్తేనే మార్కులు తెలిసిపోయాయి. ఇంకో జడ్జి మేడమ్ మాత్రం లాగ్‌బుక్ తిరగేస్తూ గీత కొట్టిన పేజీ దగ్గర ఆగి, ఇదేమిటన్నారు. డబ్బా చేసిన అబ్బాయి మొత్తం చెప్పాడు. ఆవిడ ఆ పేజీని, డబ్బాను ఫోనులో ఫొటో తీసుకున్నారు.

మొదటి మూడింట్లో లేం. ప్రోత్సాహక బహుమతి: తలా ఒక స్టీలు సీసా, ఒక వేప మొక్క. తర్వాత మార్కుల కాగితం ఇచ్చారు. మోడల్‌కు 20లో 6, పరిష్కారానికి 20లో 5, లాగ్‌బుక్‌కు 20లో 19. మొదటి బహుమతి వచ్చిన పిల్లలు నిజంగానే బాగా మాట్లాడారు, అందులో అన్యాయమేమీ లేదు. తిరుగు ఆటోలో మావాళ్లు ఆ 19 గురించే మాట్లాడుకున్నారు. డబ్బా అబ్బాయికి మాత్రం కోపం తగ్గలేదు, “తెలియనిది తెలియదంటే మార్కులు కట్ చేస్తారా టీచర్” అని దిగేదాకా అడుగుతూనే ఉన్నాడు.

మొత్తం ఖర్చు 3,900 చిల్లర. బయాలజీ మేడమ్ వెయ్యి ఇచ్చారు, హెడ్‌మాస్టరు గారు ఆటోకి 600 ఇచ్చారు, మిగతాది నాది. సిలబస్ పది పీరియడ్లు వెనకబడింది. డిసెంబరంతా సాయంత్రం అదనపు క్లాసులు తీసుకుని సర్దుకున్నాను. చలనం పాఠం హడావిడిగా అయింది, అది దాచను.

కట్ట మీది అమ్మాయికి బడి తరఫున ఒక సర్టిఫికెట్ టైపు చేయించాను. హెడ్‌మాస్టరు గారు ఏమీ అడక్కుండా సంతకం పెట్టారు. తను చదువుకుని, మడత పెట్టకుండా పుస్తకంలో దాచుకుంది. వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి, మందులు ఇంకా మిగిలాయా అని అడిగింది. ఉన్నాయన్నాను.

“ఎండాకాలం కాలువ కట్టేస్తారు కదా టీచర్. నీళ్లు ఆగిపోతాయి. అసలు వాసన అప్పుడే. అప్పుడు కొలుద్దామా?”

“ఏప్రిల్లో మీకు పరీక్షలు కదే” అన్నాను.

“పరీక్ష తొమ్మిదింటికి కదా టీచర్. కొలిచేది ఆరింటికి.”